కడిగేసిన గిన్నెలో కారణం దొరకదు

గౌరవనీయులైన జిల్లా అధికారులకు, వైద్య ఆరోగ్య, విద్యా, సంక్షేమ శాఖల వారికి, మా పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్లకు

విషయం: బడిపిల్లలు గుంపులుగా జబ్బుపడినప్పుడు కారణం తేల్చే విచారణ జరపాలని, దాని నివేదిక తల్లిదండ్రులకు ఇవ్వాలని

నమస్కారం.

మాది పరకాల వైపు ఒక పల్లె. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మా అన్న పత్తి వేస్తాడు. మా అమ్మాయి బాలికల గురుకులంలో ఎనిమిదో తరగతి చదివింది. పోయిన విద్యా సంవత్సరంలో ఆ బడిలో మూడుసార్లు పిల్లలు గుంపులుగా జబ్బుపడ్డారు. అందరూ బతికి బయటపడ్డారు. అందుకు డాక్టర్లకూ నర్సులకూ చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ పిల్లలు ఎందుకు పడిపోయారో ఈ రోజు దాకా మాకు చెప్పినవాళ్లు లేరు. రెండు వినతిపత్రాలు ఇచ్చాం. సోమవారం అర్జీల వరుసలో రెండుసార్లు నిలబడ్డాం. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే ‘విద్యార్థినులు చికిత్స పొంది క్షేమంగా ఉన్నారు’ అని ఒక్క వాక్యం వచ్చింది. క్షేమంగా ఉన్నారని మాకూ తెలుసు, ఇంటికి తెచ్చుకున్నది మేమే. మేం అడిగింది కారణం. ఇక వేరే దారి లేక ఈ లేఖను అందరూ చదివేటట్టు రాస్తున్నాను.

బడి పేరు రాయడం లేదు. ఆ పిల్లలు ఇంకా అక్కడే చదవాలి, అక్కడే తిని పడుకోవాలి.

మొదటిసారి ఆగస్టులో, ఒక సోమవారం. ఆదివారం రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర కలిపి పెట్టారు. ఎనిమిది గంటలకు తిన్న పిల్లలు తొమ్మిదిన్నరకు ప్రార్థనలో నిలబడ్డచోటే వాంతులు చేసుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించారు. సాయంత్రానికి ‘బల్లి పడింది’ అన్నారు. ఆ బల్లిని కళ్లారా చూసిన మనిషి ఒక్కరూ మాకు దొరకలేదు. మేం వెళ్లేసరికి బగోనెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి.

దసరా సెలవులయ్యాక రెండోసారి. ఇది వేరే తీరు. వాంతులతో పాటు ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరగడం, ముగ్గురికి ఫిట్స్. ఆ ముగ్గురిలో మా అమ్మాయి ఒకతె. పెద్ద దవాఖానలో రెండు రోజులుంది. కళ్లు తేలేసి చేతులు బిగుసుకుపోయిన బిడ్డను పట్టుకుని కూర్చున్నది నేనే, కానీ డిశ్చార్జి చీటీలో ఫిట్స్ అన్న మాటే లేదు. ‘వాంతులు, విరేచనాలు’ అని రాసి ఉంది. అంతకుముందు రోజు ఫోన్‌లో ఆమె ‘నాయినా, కొత్త ట్యాంకు నీళ్లు ఒక తీరు వాసనొస్తున్నయ్’ అన్నది. ‘వార్డెన్ మేడంకు చెప్పు బిడ్డా’ అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట నన్ను ఇప్పటికీ రాత్రిళ్లు లేపుతుంది.

డిసెంబరులో మూడోసారి. ఒకమ్మాయి కడుపునొప్పితో కూలబడింది, గంట తిరగకముందే ఇరవై మంది దాకా పడిపోయారు. ‘ఒకరిని చూసి ఒకరు భయపడ్డారు, మాస్ హిస్టీరియా’ అని అదే రోజు పేపర్లవాళ్లకు చెప్పేశారు.

ముందు బల్లి సంగతి మాట్లాడాలి. మన జిల్లాల్లో హాస్టల్ పిల్లలకు వాంతులైన ప్రతిసారీ బల్లి పేరే వినిపిస్తుంది. ఇంటి బల్లికి విషం లేదు. ఇది నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పే పాఠం. దాని పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, నిజమే. కానీ సాల్మొనెల్లా వల్ల జబ్బు చేయాలంటే తిన్నాక కనీసం ఆరు గంటలు, మామూలుగా పన్నెండు నుంచి ముప్పై ఆరు గంటలు పడుతుంది. మా పిల్లలకు గంటన్నరలో వాంతులయ్యాయి. అంత తొందరగా వాంతులు తెప్పించేవి ఆహారంలో ముందే తయారై ఉన్న విషాలు. వండిన అన్నాన్ని రాత్రంతా గోరువెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అది విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. స్టెఫైలోకాకస్ అనే మరో బాక్టీరియా విషం కూడా అంతే, వేడికి లొంగదు. పులిహోరలో ఉన్నది ఇదేనని నేను అనడం లేదు. గుప్పెడు పులిహోర, ఒక సీసాలో వాంతి నమూనా దాచి ఉంటే తేలిపోయేది. బల్లి అనేశారు కాబట్టి ఎవరూ అన్నం వైపు చూడలేదు. మిగిలిన అన్నాన్ని తెల్లవారి కలిపి పెట్టే అలవాటు ఆ వంటశాలలో అట్లాగే సాగింది. తప్పుడు కారణం చెప్తే జరిగే నష్టం ఇది. అసలు కారణం అక్కడే క్షేమంగా ఉండిపోతుంది.

రెండోసారి జరిగినదాన్ని మేం వదిలిపెట్టలేకపోయాం. నవంబరులో నేనూ మరో నలుగురు తల్లిదండ్రులమూ ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొని ఊరూరా, తండా తండా తిరిగాం. జబ్బుపడ్డ పిల్లలను ఒక్కరినే అడిగితే లాభం లేదు, బాగున్నవాళ్లనూ అడగాలి. అప్పుడే తేడా కనపడుతుంది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు యాభై ఇద్దరిని అడిగాం: ఆ రోజు ఏం తిన్నావు, ఏ నల్లా నీళ్లు తాగావు, ఎన్ని గంటలకు మొదలైంది. అందులో పడిపోయినవాళ్లు ఇరవై ముగ్గురు. టిఫిన్ దాదాపు అందరూ తిన్నారు, పడినవాళ్లూ పడనివాళ్లూ. తేడా నీళ్ల దగ్గర కనిపించింది. కొత్త బ్లాకు ట్యాంకు నీళ్లు తాగిన ఇరవై అయిదుగురిలో పంతొమ్మిది మంది పడిపోయారు. ఆ నీళ్లు తాగని ఇరవై ఏడుగురిలో నలుగురే.

ఇది రుజువు కాదని నాకు తెలుసు. నెల రోజుల తర్వాత పిల్లలు గుర్తుచేసుకుని చెప్పిన మాటలు అవి, ఈలోగా వాళ్లలో వాళ్లు ఎన్నో అనుకుని ఉంటారు. కానీ ఎక్కడ వెతకాలో ఆ నోటుబుక్కు చూపిస్తోంది. ఆ ట్యాంకుకు మూత సగం విరిగి ఉంది. ప్రహరీ అవతల పత్తి చేన్లు. అక్టోబరు దాకా మందు కొడుతూనే ఉంటారు, కొట్టినవాళ్లు పంపులు కడిగేది దగ్గరున్న నీళ్ల దగ్గరే. చెమటలు, వాంతులు, ఫిట్స్ కలిసి వస్తే పురుగుమందు అనుమానం రావాలి. మా అన్నను అడిగినా చెప్తాడు, మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను ఊళ్లో ఏటా చూస్తాం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి పోతే రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ తగ్గుతుంది. ఆ రోజుల్లో పరీక్ష చేస్తే కనపడేది, నెలలు గడిచాక కనపడదు. కారణం పురుగుమందు కాకుండా మరొకటి కూడా అయి ఉండొచ్చు. చేయని పరీక్ష ఏ సంగతీ చెప్పదు. ట్యాంకు నీళ్లను నాలుగో రోజు పరీక్షకు పంపారని విన్నాం. అప్పటికి ట్యాంకు ఖాళీచేసి, కడిగి, బ్లీచింగ్ వేసి, కొత్త నీళ్లు నింపారు. ఆ నీళ్లు బాగున్నాయని వచ్చిందట. బాగానే ఉంటాయి కదా.

మూడోసారి విషయంలో అధికారులు చెప్పింది నిజమే అయి ఉండొచ్చని నేనూ అనుకుంటున్నాను. భయం ఒకరి నుంచి ఒకరికి పాకి పిల్లలు నిజంగానే పడిపోవడం వైద్యశాస్త్రానికి తెలిసిన సంగతే. అది నటన కాదు, ఆ నొప్పి ఆ పిల్లలకు నిజమైన నొప్పి. కానీ ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? అక్టోబరులో పక్క మంచం మీది స్నేహితురాలు నురగలు కక్కడం చూశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అవే నీళ్లు, అదే మెస్. డిసెంబరులో ఒకమ్మాయి కూలబడగానే మిగిలినవాళ్లకు ఏం గుర్తొస్తుంది? రెండోసారి జరిగినదానికి జవాబు దొరికి ఉంటే మూడోసారి జరిగేదే కాదని నా నమ్మకం. పైగా హిస్టీరియా అనేది మిగతావన్నీ వెతికి, లేవని తేల్చుకున్నాక అనాల్సిన మాట. మొదటి గంటలోనే అనేస్తే ఇంకేదీ వెతకరు.

వెతికితే దొరుకుతుందా అని మీలో ఎవరికైనా అనిపిస్తే, మన నేలే సాక్ష్యం. 2003 ఎండాకాలం చివర, వానాకాలం మొదట్లో మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పిల్లలు రాత్రికి రాత్రి పోయారు. సాయంత్రం ఆడుకున్న పిల్లగాడికి జ్వరం, ఫిట్స్, తెల్లారేసరికి ప్రాణం లేదు. మా పక్క వాడలో ఒక బాబు అట్లాగే పోయాడు, అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మెదడువాపు అన్నారు, ఇంకేదో అన్నారు, గాలి సోకిందని తాయెత్తులు కట్టినవాళ్లూ ఉన్నారు. నమూనాలు పూనేలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి కాబట్టి అది చాందీపురా వైరస్ అని తేలింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఏడు 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. ఆ వైరస్‌ను 1965లోనే నాగపూర్ దగ్గర గుర్తించారు, కానీ ఇంతమంది పిల్లల ప్రాణాలు తీయగలదని లోకానికి తెలిసింది మన పిల్లల వల్లే. మట్టిగోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగలు దాన్ని మోస్తాయని తెలిశాక ఎక్కడ మందు చల్లాలో, ఏ పగుళ్లు పూడ్చాలో తెలిసింది. పేరు తెలియని జబ్బుతో ఏ జాగ్రత్తా సాధ్యం కాదు.

బీహార్ ముజఫర్‌పూర్‌లో 1995 నుంచి ప్రతి ఎండాకాలం పిల్లలు ఫిట్స్‌తో చనిపోయేవారు. ఎన్నో ఏళ్లు అంతుపట్టలేదు. 2014లో అక్కడి రెండు దవాఖానల్లో చేరిన 390 మందిలో 122 మంది పోయారు. జబ్బుపడ్డ పిల్లలనూ బాగున్న పిల్లలనూ పోల్చి అడిగితే, రాత్రి అన్నం తినకుండా లీచీ పండ్లు తిన్న పిల్లల రక్తంలో చక్కెర పడిపోతోందని బయటపడింది. రాత్రి పిల్లలకు అన్నం పెట్టండి, దవాఖానకు రాగానే గ్లూకోజు ఎక్కించండి అన్నంత చిన్న సలహా ఆ విచారణలోంచి వచ్చింది. అదే బీహార్‌లో ఛప్రా దగ్గర 2013 జులై 16న మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉంది. మన పత్తి రైతులు ‘మోనో’ అని పిలుచుకునే మందు అది. ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు ఎయిమ్స్, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఇంకా ఎన్నో సంస్థల వాళ్లు రోజుల్లోనే వచ్చి రక్తం, నీళ్లు, కూరగాయలు పట్టుకెళ్లారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ బయటపెట్టింది, పురుగుమందుల అవశేషాల మాటా వచ్చింది. ఏది ఎంత కారణమని వాదించుకున్నారు. వాదించుకోవడానికైనా వాళ్ల చేతిలో నమూనాలున్నాయి. మా పిల్లలవి ఎక్కడున్నాయి?

పద్ధతి లేక ఇట్లా జరగడం లేదు. దేశంలో 2004 నుంచి సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఉంది. ఒకేచోట చాలామంది ఒకేసారి జబ్బుపడితే జిల్లా నిఘా అధికారికి చెప్పాలి, సత్వర స్పందన బృందం వెళ్లాలి, నమూనాలు తీయాలి, నివేదిక రాయాలి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, హైదరాబాద్ మూడు గంటల దారి. ఇన్ని ఉండి కూడా మొదటి ఇరవై నాలుగు గంటలు ఫొటోలకూ పరామర్శలకూ పోతున్నాయి. పెద్దలు వస్తున్నారని బడి కడుగుతారు. సాక్ష్యమంతా ఆ కడుగుడులోనే కొట్టుకుపోతుంది.

కారణం తేలకపోవడం వల్ల పిల్లలకు, మామూలు మనుషులకు ఏం జరుగుతోందో, మేం ఏం కోరుతున్నామో కింద వరుసగా రాస్తున్నాను.

1. మా ఊరి నుంచి ఆ గురుకులానికి అయిదుగురు ఆడపిల్లలు పోయేవారు. ఇద్దరు మళ్లీ పోలేదు. ఒకామె ఇప్పుడు తల్లితో పాటు పత్తి ఏరడానికి కైకిలి పోతోంది. రెండో ఆమెకు సంబంధాలు చూస్తున్నారు, పద్నాలుగేళ్లు. తండ్రిని అడిగితే ‘సార్, చదువుకోడానికి పంపి సచ్చిపోతే ఎవరు జవాబు చెప్తరు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మూడు సంఘటనల మీద జరిగిన విచారణ ఏదైనా ఉంటే ఆ నివేదికలు తల్లిదండ్రులకు ఇవ్వండి. జరగకపోతే జరగలేదని రాతపూర్వకంగా చెప్పండి, అప్పుడు ఆ ఇద్దరు పిల్లలను మళ్లీ బడికి పంపే మాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాకు తెలుస్తుంది.

2. ప్రతి హాస్టల్లో ప్రతి పూట వండిన ప్రతి వంటకం నుంచి కొంత తీసి, మూత ఉన్న డబ్బాలో తేదీ రాసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. దీనికి ఒక చిన్న ఫ్రిజ్, పది స్టీలు డబ్బాలు చాలు. పిల్లలు జబ్బుపడ్డ రోజు బృందం వచ్చేదాకా వంటశాలకూ ట్యాంకుకూ తాళం వేయండి. గిన్నెలు తోమవద్దు.

3. జబ్బుపడ్డ పిల్లల పేర్లతో పాటు బాగున్న పిల్లల పేర్లూ రాయండి. ఎవరు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు, ఎన్ని గంటలకు మొదలైంది అని. అయిదుగురం తల్లిదండ్రులం రెండు వారాల్లో చేసిన పని ఒక ఏఎన్ఎం, ఇద్దరు టీచర్లు ఒక్క సాయంత్రంలో చేయగలరు. పిల్లలంతా ఒకేచోట ఉంటారు కదా.

4. డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక మనవి. అంత రద్దీలో ముందు ప్రాణం కాపాడాలి, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ సూది గుచ్చి సెలైన్ పెట్టేటప్పుడు ఒక గొట్టం రక్తం అదనంగా తీసి దాచండి. యాంటీబయాటిక్ ఇవ్వకముందు మలం నమూనాను, సూక్ష్మజీవులు చావకుండా ల్యాబుకు చేర్చే క్యారీ-బ్లెయిర్ మాధ్యమంలో పెట్టించండి. ఫిట్స్ వస్తే చీటీలో ఫిట్స్ అనే రాయండి. కనుపాప చిన్నదైందా, చెమట పట్టిందా, చక్కెర ఎంత ఉంది, ఈ మూడు మాటలు కేస్ షీటులో ఉంటే రేపు ఎవరైనా చదివి ఏదో ఒకటి చెప్పగలరు. చీటీలో ఫిట్స్ అన్న మాట లేకపోవడం వల్ల ఇప్పుడు మా అమ్మాయిని ఏ నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా ‘ఫిట్స్ వచ్చినట్టు ఎక్కడా రాయలేదే’ అంటున్నారు.

5. మూడుసార్లలో రెండుసార్లు ముందుగా పని పోయింది వంట చేసే ఆడవాళ్లకు. వాళ్లు కాంట్రాక్టు మనుషులు, ఒక్కొక్కరి మీద ఇల్లు నడుస్తుంది. వాళ్ల తప్పే అయితే తేల్చి చర్య తీసుకోండి. తేల్చకుండా తీసేస్తే ఏమైందో చూడండి: ఆగస్టులో ఇద్దరిని తీసేశారు, అక్టోబరులో కొత్తవాళ్లు వండిన రోజే ముగ్గురికి ఫిట్స్ వచ్చాయి. ఇంకో సంగతి, పని పోతుందని భయమున్న మనిషి జరిగింది జరిగినట్టు చెప్పదు. ఆ బగోనెలు అంత తొందరగా తోమినది కూడా ఆ భయంతోనేనని నాకు అనిపిస్తుంది.

6. నీళ్ల పరీక్ష అంటే క్లోరిన్, బాక్టీరియా ఒక్కటే కాదు. ఫిట్స్ వచ్చినచోట పురుగుమందులకూ సీసం వంటి లోహాలకూ పరీక్ష చేయించండి. ట్యాంకు కడగకముందు నీళ్లు తీయండి. పత్తి చేన్లను ఆనుకుని ఉన్న ప్రతి హాస్టల్ బోరు, సంపు, ట్యాంకు మందుకొట్టే కాలంలో ఒకసారైనా పరీక్షించండి. విరిగిన మూతలు ఈ వారమే వేయించండి, దానికి ఏ నివేదికా అక్కరలేదు.

7. పిల్లలకు ఏమైందో తల్లిదండ్రులకు గంటలోపు ఫోన్ చేయండి. మా తండాల వాళ్లకు అక్టోబరు సంగతి వాట్సాప్ వీడియోలో తెలిసింది. అందులో ఇద్దరు చనిపోయారని ఉంది. ఒక తల్లి ఆటోలో వస్తూ దారి పొడుగునా గుండెలు బాదుకుంది. ఆమె బిడ్డ బాగానే ఉంది.

8. ఫిట్స్ వచ్చిన ముగ్గురు పిల్లలను ఆరు నెలలకోసారి నరాల వైద్యులకు ఉచితంగా చూపించండి. మిగతా పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ల భయం విని, తెలిసినంత నిజం చెప్పే కౌన్సిలర్‌ను పంపండి. ‘డ్రామాలు ఆపండి’ అని పిల్లలను కసరిన పెద్దమనుషులు దయచేసి ఇకమీదట ఆ మాట అనకండి.

తోటి తల్లిదండ్రులకూ ఒక మాట. తెలియని సంగతి ఫోన్లలో పంపకండి, బడి ముందు టీచర్ల మీద చేయి చేసుకోకండి. మన బిడ్డ ఏం తిన్నది, ఏం తాగింది, ఎప్పుడు మొదలైంది అని ఆ రోజే ఒక కాగితం మీద రాసుకోండి. దవాఖాన చీటీలన్నీ దాచండి.

ఈ లేఖ ఎవరినో సస్పెండ్ చేయించడానికి రాయలేదు. జూన్‌లో బడులు తెరుస్తారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి అక్కడికే పోతానంటోంది, స్నేహితులంతా అక్కడే ఉన్నారు. ఏ నీళ్లు తాగాలి నాయినా అని అడిగింది. ఇంటి నుంచి సీసాలో పోసి పంపినా అవి ఎన్ని రోజులొస్తాయి? బడి తెరిచేలోపు పైన రాసినవాటిలో కనీసం మొదటిది, ఆరోది చేయండి. మిగతావాటికి ఏ నెలలోపు ఏం చేస్తారో తేదీ వేసి చెప్పండి.

మా నోటుబుక్కు నా దగ్గరే ఉంది. యాభై ఇద్దరు పిల్లల పేర్లు, గంటలు, నల్లాలు, అన్నీ అందులో ఉన్నాయి. పిల్లల వివరాలు కాబట్టి అది బయట పెట్టం, మీ బృందానికి మాత్రమే ఇస్తాం. ఎప్పుడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి అయిదుగురమూ తెచ్చి, ఒక్కొక్క పేజీ దగ్గర కూర్చుని వివరం చెప్తాం.

ఇట్లు,
ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి, మరో నలుగురు తల్లిదండ్రుల తరఫున